ఎడమవైపు దీపం

మే 11, శనివారం

సౌనా వేడి చేశాను. సెల్మ ఎప్పటిలాగే ఆరింటికి తువ్వాలు భుజాన వేసుకొని, ఏలకుల రొట్టె చేత పట్టుకొని వచ్చింది. అరవై ఏళ్ళుగా శనివారం సాయంత్రాలు మేమిద్దరం ఆ ఆవిరి గదిలో పై బల్ల మీద కూర్చుంటున్నాం. మొగుళ్ళు వచ్చారు, పోయారు. బల్ల మాత్రం మాదే. ఇవాళ రాళ్ళ మీద నీళ్ళు చల్లి, చిటపటలు ఆగేదాకా ఊరుకొని, అప్పుడు నోరు విప్పింది.

“ఏమే ఐలీ, ఆ పడవని ఇంకెన్నాళ్ళు ఉంచుతావే పెరట్లో?”

“పడవ నిన్నేమంటోంది?”

“ఏమీ అనదు. అదే నా బాధ. నీ షెడ్డు మూల తిరగ్గానే కనబడుతుంది. నేను కళ్ళు మూసుకొని ఇరవై అడుగులు లెక్కపెట్టుకుంటూ వస్తున్నా, తెలుసా? డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలిదాన్ని. ఏదో ఒకరోజు నీ కట్టెల కుప్ప మీద పడి చస్తాను. ఆ పాపం కూడా నీకే.”

“కూడా” అన్న ఆ మాటను తేలిగ్గానే అంది. దాని వెనక ఏమీ లేదు. ఉండడానికి వీల్లేదు.

ఆరేళ్ళ క్రితం సెప్టెంబరులో, పొద్దు గూకే వేళ, ఆ పడవను మోసుకొస్తున్న ట్రైలర్ వెనక దీపాలు వెలగలేదు. సెల్మ కొడుకు కర్ట్ మోటార్‌సైకిల్ మీద వచ్చి దాన్ని గుద్దుకొని చనిపోయాడు. ట్రక్కు నడుపుతున్నది మా ఆయన ఆర్వో. ట్రైలర్‌కు వైర్లు వేసిందీ ఆర్వోనే. వైరింగులో లోపమని దర్యాప్తుకు వచ్చిన షెరిఫ్ డిప్యూటీ రాసుకున్నాడు. సరస్సు చుట్టూ ఉన్న జనమంతా అదే నమ్మారు. అంతకుముందు తమ ట్రైలర్లకు ఆర్వో చేత వైర్లు వేయించుకున్నది వాళ్ళే. గత నవంబరులో ఆర్వో పోయినప్పుడు సెల్మ అంత్యక్రియలకు రాలేదు. ఆ తరువాతి శనివారం మాత్రం రొట్టె పట్టుకొని సౌనాకు వచ్చింది. ఆర్వో పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాకు మిగిలిన మనిషి సెల్మ ఒక్కతే.

పడవను నేనే తీసుకుపోతాను. పట్నంలో పాత ఇనుము కొనేవాడి దగ్గరికి ఇరవై ఎనిమిది మైళ్ళు. ట్రక్కు అమ్మేశాను, నా ఎస్‌యూవీకి ట్రైలర్‌ను తగిలించే హిచ్ లేదు. బిగించుకుంటాను. పారేసే ముందు ఆ పాత వైర్లలో లోపం ఎక్కడుందో కనిపెట్టాలి. ఏ అతుకు దగ్గర ఊడిందో, ఏ తీగ కుళ్ళిందో చూసి ఇక్కడ రాసుకోవాలి. ఆ లోపం కనబడితే నేను ప్రశాంతంగా నిద్రపోతాను.

మే 12

పక్కింటి బ్రూస్ తన ట్రక్కుతో లాగిపెడతానన్నాడు. వద్దన్నాను. బిగించడానికి మనిషిని పంపిస్తానన్నాడు. వద్దన్నాను. కనీసం హిచ్ పెట్టె వస్తే దించడానికైనా పిలవమన్నాడు. చూస్తానన్నాను, పిలవను.

మే 16, గురువారం

పెట్టె వచ్చింది. నలభై రెండు పౌండ్ల ఇనుప దూలం, ఒక సంచిలో బోల్టులు, విడిగా వైర్ల చుట్ట, పన్నెండు బొమ్మల కాగితం. ఇద్దరు మనుషులు చేయవలసిన పని అని ఆ కాగితం మీద మూడుచోట్ల ముద్రించారు. దూలాన్ని పాత కంబళి మీదికి దొర్లించి, కంబళిని ఈడ్చుకుంటూ షెడ్డులోకి చేర్చాను.

ఆర్వో పనిముట్లన్నీ గోడ మీదే ఉన్నాయి. ఒక్కొక్కదాని చుట్టూ దాని ఆకారం గీసి పెట్టుకున్నాడు. పెద్ద స్పానర్ తీస్తే గోడ మీద దాని గీత మిగిలింది. ఆ గీతను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పొయ్యి మీద కాఫీ పొంగిపోయిన వాసనకు తెలివి వచ్చింది.

మే 17

ఇవాళ సగం పని అయింది. వెనక చక్రాలను దిమ్మల మీదికి ఎక్కించి, స్పేరు టైరు కిందికి దించి, సైలెన్సర్ గొట్టాన్ని పట్టుకున్న రబ్బరు కడియాలకు సబ్బునీళ్ళు రాసి ఊడదీశాను. గొట్టం నా మోచేయి మీద పడింది. కమిలింది, విరగలేదు.

బోల్టులు బయటి నుంచి బిగించేవి కావు. చట్రం డొల్లగా ఉంటుంది. చివర స్ప్రింగులా చుట్టిన సన్నని తీగను ఒక రంధ్రంలో దూర్చి ఇంకో రంధ్రంలోంచి లాగి, దాని కొసకు బోల్టు తగిలించి, కనబడని ఆ గొట్టం లోపలి నుంచి బోల్టును బయటికి రప్పించాలి. మూడు వచ్చాయి. నాలుగోది తీగ నుంచి జారి లోపలే ఎక్కడో పడిపోయింది. దాని గలగల నాకు వినబడుతూనే ఉంది. అయస్కాంతంతో గంటన్నర వెతికాను.

ఆ సమయంలోనే బ్రూస్ వచ్చాడు. నాకు అతని బూట్లు మాత్రమే కనబడుతున్నాయి.

“టీచరుగారూ, మీరు కారు కింద ఉన్నారా, కారు మీ మీద ఉందా?”

“రెండూ. నీకేం కావాలి?”

“ఏం లేదు. మా ఆవిడ చూసిరమ్మంది. రెండు కాళ్ళు కదలకుండా కనబడుతున్నాయంది.”

“కదులుతున్నాయని చెప్పు.”

“నన్ను పట్టుకోమంటారా? ఒక్క నిమిషం పని.”

“బ్రూస్, రసాయనశాస్త్రంలో నిన్ను రెండుసార్లు ఫెయిలు చేశాను. ఇవాళ మూడోసారి.”

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. బోల్టు దొరికింది. ఇది ఒకరి సాయం అక్కరలేని పని.

మే 18, శనివారం

సౌనా. సెల్మ నా మోచేయి చూసింది.

“ఎవరు కొట్టారే?”

“సైలెన్సర్.”

“ఎనభై దగ్గరపడ్డాక సైలెన్సర్‌తో తగువేంటే నీకు? డబ్బు పడేస్తే పట్నంలో గంటలో బిగించి ఇస్తారు.”

“నాకు చేతనవును.”

“చేతనవడం గొప్ప కాదులే. చేతనవుతుందనుకున్న వాళ్ళు చేసిన పనులు చూశాం.”

ఆర్వో గురించి అంది. ఆరేళ్ళలో ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. “మా వాడి ట్రైలర్‌కి కూడా ఆ చేతులే వైర్లు వేశాయి. మర్నాడే పీకించేశాను” అని గోడవైపు చూస్తూ అంది. నేను రాళ్ళ మీద నీళ్ళు చల్లాను. ఆవిరి లేచింది. మొహాలు కనబడలేదు.

కర్ట్ పోయిన ఆ సాయంత్రం డిప్యూటీ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. “నువ్వు దిగకు” అని నాతో చెప్పి ఆర్వో ఒక్కడే దిగాడు. ముందు కర్ట్ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నాడు. తరువాత ట్రక్కుకు, ట్రైలర్‌కు మధ్యన వంగి బూటు తాడు కట్టుకున్నాడు. తరువాత రోడ్డు పక్కన నిలబడ్డాడు. అద్దంలో నాకు కనబడింది ఇంతే.

మే 20

దూలాన్ని జాకీ మీద పెట్టి, కొంచెం కొంచెంగా పైకి లేపి, నాలుగు బోల్టులకూ తగిలించాను. బిగువు కొలిచే టార్క్ రెంచితో, కాగితం చెప్పిన కొలత అందేదాకా తిప్పాలి. అందినప్పుడు అది టక్కుమంటుంది. నా బలం చాలక రెంచికి గొట్టం తొడిగి, పాదంతో తోశాను. మొదటిది టక్కుమంది. రెండవది. మూడవది. నాలుగో బోల్టు దగ్గర, నేను తోయకముందే, షెడ్డులో ఎక్కడో టక్కుమంది.

రేకు కప్పు ఎండకు సాగి చేసే చప్పుడది. మే నెలలో ప్రతి మధ్యాహ్నం చేస్తుంది. అయినా “సరేలే, నేను చూసుకుంటాను” అని పైకే అన్నాను. ఎవరితో అన్నానో రాయవలసిన అవసరం లేదు.

మే 21

వైర్లు. వెనక దీపాల పెట్టెలు ఊడదీసి, కారు తీగలకూ కొత్త తీగలకూ మధ్య జోడింపులు పెట్టాను. నాలుగు రంగులు: గోధుమరంగు వెనక దీపాలకు, పసుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి, తెల్లది చట్రానికి. తెల్లదాన్ని రంగు మీద బిగిస్తే చాలదు, లోహం మెరిసేదాకా గీకి బిగించాలి. జనం ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. ఆర్వో ట్రైలర్‌కు తెల్ల తీగను రంగు మీదే బిగించి ఉంటాడు. నా అనుమానం మొదటి నుంచీ అదే. ఎల్లుండి తేలిపోతుంది.

సాయంత్రం పాల సీసా కోసం రోడ్డు దాకా వెళ్ళాను. ఒంటి దీపంతో మోటార్‌సైకిల్ ఒకటి మలుపు తిరిగింది. నడుస్తున్న నా కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలకు నొక్కుకుపోయింది. ఆరోజు నడిపింది నేను కాదు. ఈ కాలుకు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పాలి?

మే 22

టెస్టర్ పెట్టి చూశాను. నా వైపు నాలుగు తీగలూ సక్రమంగా పనిచేస్తున్నాయి.

మే 23, గురువారం

టార్పాలిన్ విప్పాను. ఆరేళ్ళ పైన్ ఆకులు, ఎలుకల గూడు, ఒక పాము కుబుసం. పడవ వెనక ఎడమ మూల నొక్కుకుపోయి ఉంది. అటు చూడకుండా ముందు నుంచి మొదలుపెట్టాను.

తెల్ల తీగ: లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు పూసి ఉంది. ఆరేళ్ళ వాన తరువాత కూడా గ్రీజు కింద ఇనుము తళతళలాడుతోంది.

గోధుమరంగు తీగ: తోక నుంచి తల వరకు వేళ్ళతో తడుముతూ వచ్చాను. అతుకులు రెండే రెండు. రెండూ సీసంతో మాటు వేసి, గొట్టం తొడిగి, వేడి చేసి బిగించినవి. తీగ చట్రం అంచుకు రాసుకునే ప్రతిచోటా పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది.

ట్రక్కు వైర్లకు తగిలించే ప్లగ్గు: ఇత్తడి కొనలు శుభ్రంగా ఉన్నాయి.

పాత బ్యాటరీ తెచ్చి ప్లగ్గుకు ఆనించాను. కుడివైపు దీపం వెలిగింది. మధ్యాహ్నపు ఎండలో కూడా ఎర్రగా, ఏ వణుకూ లేకుండా వెలిగింది.

లోపం ఎడమవైపు ఉండి ఉండాలి. కర్ట్ వచ్చి తగిలింది ఎడమవైపే.

మే 24

ఎడమ దీపం పగిలిపోయింది, కానీ బల్బు మూలం గూటిలోనే మిగిలింది. గాజు లేదు. లోపలి తీగలు రెండు: ఒకటి దీపానిది, ఒకటి బ్రేకుది. పట్టకారుతో బయటికి తీసి, వంటింటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి, భూతద్దం పట్టాను.

ముప్పై నాలుగేళ్ళు నేను పాఠం చెప్పిన విషయమే. వెలుగుతున్న బల్బు గాజు పగిలితే, ఎర్రగా కాలుతున్న తీగకు గాలి సోకి తెల్లని బూడిద కడుతుంది. ఆరి ఉన్న బల్బు పగిలితే తీగ వెండిలా మెరుస్తూనే ఉంటుంది. తెల్ల బూడిద కనబడితే దీపం వెలుగుతూనే ఉందన్న మాట. కర్ట్ చూసుకోలేదన్న మాట. ఇక ఎవరి తప్పూ లేదు. ఆ బూడిద కోసం నేను ప్రార్థన చేశాను. దేవుడి ఎదుట తలవంచి పదిహేనేళ్ళయింది.

తీగ మెరుస్తోంది.

నమ్మలేక రెండు కొత్త బల్బులు తెచ్చాను. ఒకదాన్ని వెలిగించి, బకెట్‌లో పెట్టి, సుత్తితో పగలగొట్టాను: తెల్లని పొగ, తెల్లని బూడిద. ఇంకోదాన్ని వెలిగించకుండా పగలగొట్టాను: మెరుపు. మూడింటినీ కాగితం మీద వరుసగా పెట్టాను. మొదటి వరుస బెంచీలో కూర్చొని, బర్నర్ మీద మరీ వంగి కనుబొమ్మ కాల్చుకున్న పదహారేళ్ళ కర్ట్ గుర్తొచ్చాడు. “టీచర్, ఇంకోసారి చేసి చూపించండి” అనేవాడు, ఎన్నిసార్లు చూపించినా. ఇవాళ నా భుజం వెనక నుంచి అదే అడిగాడు. నేను వెనక్కి తిరగలేదు. మూడో కొత్త బల్బు నా దగ్గర లేదు.

మే 25, శనివారం

జలుబని సెల్మకు ఫోన్ చేశాను. “రొట్టె చేసేశాను కదే” అంది. సౌనా వేడి చేయలేదు.

మే 26

ఆర్వో వేసుకున్నవి రేవులో దిగడానికి వాడే రబ్బరు బూట్లు. వాటికి తాళ్ళుండవు.

మే 27, సోమవారం

యుద్ధాల్లో పోయినవాళ్ళ స్మారక దినం. ఉదయం నుంచి కార్లన్నీ శ్మశానం వైపు వెళుతున్నాయి, వెనక సీట్లలో పూలకుండీలు. ఇవాళ పోయినవాళ్ళందరి దగ్గరికీ వెళతారు. నేను వెళ్ళలేదు. వెళ్ళి ఆర్వోతో ఏం మాట్లాడాలి?

రాయాలి. ఇది నా పుస్తకం, చదివేది నేనే.

పడవను నీళ్ళలోకి దించేటప్పుడు దీపాల ప్లగ్గు పీకేయాలి. వేడెక్కిన బల్బు చల్లని నీళ్ళలో మునిగితే పగిలిపోతుందని ఈ సరస్సు మీద ప్రతి పిల్లకూ తెలుసు. పడవను మళ్ళీ పైకి లాగాక ప్లగ్గు పెట్టాలి. నలభై ఏళ్ళు ఆర్వో ట్రక్కు వెనక్కి నడిపేవాడు, నేను రేవులో నిలబడి ప్లగ్గు పీకేదాన్ని, పెట్టేదాన్ని. అది నా పని.

ఆ సాయంత్రం పెద్ద చేపను వల అంచు దాకా తెచ్చి జారవిడిచాను. ఆర్వో నవ్వాడు. పక్క పడవలో వాళ్ళకు కూడా చెప్పి నవ్వాడు. నేను మూతి బిగించుకొని, పడవకు పట్టీలు బిగించి, ట్రక్కెక్కి, తలుపు గట్టిగా వేశాను. ఆర్వో తాళంచెవి మీద చెయ్యి ఉంచి అడిగాడు.

“లైట్లు పెట్టావా, ఐలీ?”

“ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. ఒక ప్లగ్గు పెట్టడం రాదా నాకు?”

అది జవాబు కాదు. పెట్టాను అని నేను అనలేదు. ఆరేళ్ళు ఆ సన్నని తేడాను పట్టుకొని వేళ్ళాడాను. ఇంకెవరైనా అయితే దిగి వెనక్కి వెళ్ళి ఒకసారి చూసుకునేవాడు. ఆర్వో దిగలేదు. దిగితే నన్ను అనుమానించినట్టవుతుంది, అనుమానిస్తే నేను వారం రోజులు మాట్లాడను. అది అతనికి అనుభవమే.

గుద్దుకున్న తరువాత అతను వంగింది ప్లగ్గు దగ్గర. వేలాడుతున్నదాన్ని తీసి పెట్టేశాడు. నేను అద్దంలో చూశాను. డిప్యూటీ వచ్చి, ప్లగ్గు పెట్టే ఉందని చూసి, “వైర్లు ఎవరు వేశారు?” అని అడిగాడు. “నేనే వేశాను” అన్నాడు ఆర్వో. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నేనూ ఆడలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఆరేళ్ళు ఒకే బల్ల దగ్గర తిన్నాం. అతను ఒక్కసారీ ఎత్తలేదు. చివరి వారం ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకొని, పెదవులు తడి చేసుకొని, ఏదో అనబోయాడు. నేను నర్సును పిలిచాను. నీళ్ళు కావాలన్నాడని చెప్పాను. నీళ్ళు కావాలనలేదు.

మే 29

కారును వెనక్కి నడిపి, ఏడోసారికి హిచ్ బంతిని ట్రైలర్ మూతి కిందికి తెచ్చాను. దించాను. గొలుసులు తగిలించాను. ప్లగ్గు పెట్టాను. చేత్తో పట్టుకొని పీకి చూశాను, మళ్ళీ పెట్టాను. ఇలా ఎన్నిసార్లు చేశానో రాయను.

ఎడమ గూటిని శ్రావణంతో సరిచేసి, ఇంకో కొత్త బల్బూ ఎర్ర మూతా కొనితెచ్చి పెట్టాను. బ్రేకు తొక్కడానికి ఒకరు, వెనక నిలబడి చూడడానికి ఒకరు కావాలి. మంచు గీకే కర్రను పెడలుకూ సీటుకూ మధ్య బిగించి వెనక్కి వచ్చాను. రెండు దీపాలూ వెలుగుతున్నాయి. మబ్బు పట్టి ఉంది. షెడ్డు వెనక మట్టిదారి మీదికి రెండు ఎర్రని మరకలు పడ్డాయి.

ఆ వెలుగు అంచున ఎవరో వేగం తగ్గించారు. చప్పుడు లేదు, ఆకారం లేదు. దూరం నుంచే దీపాలు చూసి, పక్కకు తప్పుకొని, మమ్మల్ని దాటి ఇంటికి పోవడానికి కావలసినంత దారి ఉన్నవాడు ఆగినట్టుగా ఆగారు. నేను దారికి అడ్డం తప్పుకున్నాను. చాలాసేపు ఎదురుచూశాను. ఎవరూ దాటలేదు. కర్ర జారిపోయి బ్రేకు దీపాలు మసకబారాయి.

ఎల్లుండి తరువాత శనివారం. సెల్మకు చెబితే ఆమె నాకు ఉండదు. చెప్పకపోతే ఆర్వో ఈ ఊళ్ళో శాశ్వతంగా కర్ట్‌ను చంపినవాడుగా ఉంటాడు. ఇందులో తూకం వేయడానికి ఏముంది? అయినా ఇవాళంతా తూకం వేస్తూనే ఉన్నాను.

జూన్ 1, శనివారం

సౌనా వేడి చేశాను, కానీ లోపలికి పోనివ్వలేదు. ఒంటి మీద బట్టలుండగా చెప్పవలసిన మాట అది. వాకిట్లో మెట్ల మీద కూర్చోబెట్టాను.

“సెల్మా, ఆరోజు ప్లగ్గు నేను పెట్టలేదు.”

“ఏ ప్లగ్గు?”

“ట్రైలర్ దీపాలది. రేవులో పీకాను. మళ్ళీ పెట్టలేదు. పెట్టావా అని ఆర్వో అడిగితే కసురుకున్నాను.”

రొట్టె మీద కప్పిన గుడ్డ అంచును చాలాసేపు సరిచేసింది.

“మరి వైర్లు?”

“వైర్లు బాగున్నాయి. ఇవాళ్టికీ వెలుగుతున్నాయి. రా, చూపిస్తాను.”

“నాకేం చూపించొద్దు.” రొట్టెను పక్కన పెట్టి, “అతనికి తెలుసా?”

“తెలుసు. డిప్యూటీ వచ్చేలోపు తనే పెట్టేశాడు.”

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పొగగొట్టం వైపు చూస్తూ, కొట్లో సరుకుల సంగతి మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

“ఆర్వో శవపెట్టె మొయ్యడానికి మనుషులు చాలక బ్రూస్ అవతలి ఊరి నుంచి ఇద్దర్ని తీసుకొచ్చాడట కదా?”

“అవును.”

“మా మరుదులు ముగ్గురూ ఆరోజు ఇంట్లోనే ఉన్నారు. సూట్లు కూడా వేసుకున్నారు. నేనే వెళ్ళొద్దన్నాను.”

“సెల్మా...”

“ఆగు. నన్ను చెప్పనీ. చెయ్యి మర్చిపోతుందే ఐలీ. నాదీ మర్చిపోతుంది. మర్నాడు వచ్చి చెప్పుంటే నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుండేదాన్ని. ఏడాది నీ గడప తొక్కేదాన్ని కాదు. తర్వాత ఎప్పుడో ఆ బల్ల మీదే కూర్చొని ఇద్దరం ఏడ్చేవాళ్ళం. కానీ ఆర్వోని... ఒకటో తరగతి నుంచి నా పక్క బెంచీ వాడే అతను. ఇంట్లో మాట్లాడే ఫిన్నిష్ తప్ప ఇంగ్లీషు రాక మేమిద్దరం టీచరు చేత దెబ్బలు తిన్నవాళ్ళం. అలాంటివాడు కొట్లో ఎదురైతే మొహం తిప్పుకొని పోయానే నేను. నాలుగుసార్లు. ప్రతిసారీ టోపీ తీసి చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. నాలుగుసార్లూ నా పక్కన ఎవరున్నారు?”

నేనే ఉన్నాను. ఒకసారి ఆమె బుట్ట కూడా నా చేతిలోనే ఉంది.

“చెప్పవే. ఎవరున్నారు?”

“నేను.”

లేచింది. పడవను సోమవారం తీసుకుపోతానన్నాను. అంతకంటే బుద్ధి తక్కువ మాట నా జీవితంలో అనలేదు.

“కదిపావంటే చూడు” అంది. “అక్కడే ఉంటుంది. నువ్వు చూడాలి దాన్ని.”

రొట్టె తిరిగి తీసుకొని వెళ్ళిపోయింది. షెడ్డు మూల తిరిగేటప్పుడు కళ్ళు మూసుకోలేదు. పడవ దగ్గర ఆగి, నొక్కుకుపోయిన మూల మీద అరచెయ్యి ఆనించి, తరువాత వెళ్ళింది.

పొయ్యి తనంతట తనే ఆరిపోయింది.

జూన్ 4

బ్రూస్ ఉత్తరాల డబ్బా దగ్గర ఎదురయ్యాడు. హాస్యమాడలేదు.

“సెల్మగారు అందరికీ ఫోన్లు చేస్తున్నారు, టీచరుగారూ.”

“తెలుసు.”

“నిజమేనా?”

“నిజమే.”

తలవంచుకొని బూటు కొసతో కంకర తోశాడు. “మా ట్రైలర్‌కి వైర్లు ఆర్వోగారే వేశారు. ఆ గొడవ తర్వాత భయపడి పీకేసి చెత్తలో పడేశాను. ఆ మాట వచ్చినప్పుడల్లా మంచిపని చేశావనేది మా ఆవిడ.” “వస్తా” అని వెళ్ళిపోయాడు. సాయం కావాలా అని అడగలేదు.

జూన్ 5

షెరిఫ్ కార్యాలయానికి వాంగ్మూలం రాసి పోస్టు చేశాను. ఒక్క పేజీ. నాలుగుసార్లు తిరగరాశాను, మొదటి మూడింటిలోనూ నన్ను వెనకేసుకొచ్చే వాక్యం ఒకటి ఎక్కడో ఒకచోట దూరింది.

జూన్ 8, శనివారం

ఆరింటిదాకా ఇంట్లో ఉండలేకపోయాను. కారు తీసుకొని శ్మశానానికి వెళ్ళాను. మార్చిలో ఆర్వో సమాధి రాయి నిలబెట్టిన తరువాత ఇదే వెళ్ళడం. దారంతా అతనితో అనవలసిన మాట కూర్చుకున్నాను. ప్లగ్గు సంగతి కాదు, అది అతనికి తెలుసు. ఆసుపత్రిలో నర్సును పిలిచిన సంగతి.

గేటు దగ్గర ఇంజను ఆపి చూస్తే, అతని రాయి ముందు సెల్మ ఉంది. ఇంటి నుంచి మడత కుర్చీ తెచ్చుకుంది. గడ్డి మీద పళ్ళెం, గుడ్డ కప్పిన రొట్టె, రెండు కప్పులు. ఏదో చెబుతోంది. చేతులు తిప్పుతూ, మధ్యలో ముందుకు వంగుతూ, బడిలో పక్క బెంచీ వాడితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. అద్దం దించాను. గాలి అటు వీస్తోంది, మాటలు అందలేదు. చిన్నప్పటి ఫిన్నిష్ భాషలోని సాగతీత మాత్రం తెలిసింది.

నా వైపు ఒకసారి తల తిప్పింది. చూసింది. మళ్ళీ అటు తిరిగి మాట కొనసాగించింది.

నా వంతు కోసం గేటు బయట నిలబడ్డాను. దోమలు ముసురుకున్నాయి. ఎనిమిదవుతోంది, ఇంకా వెలుగుంది. ఆమెకు చెప్పుకోవలసినవి ఆరేళ్ళవి. నావీ ఆరేళ్ళవే, కానీ ముందు ఆమెవి. కాళ్ళు నొప్పి పుట్టి కారు పక్కన నేల మీద కూర్చున్నాను.

ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉండగా నేను తిరిగి వచ్చేశాను. రేపు ఇంకాస్త ముందుగా వెళతాను.